డాప్లర్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి

ప్రశ్న:

అక్కా, నేను నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సును. లేబర్ రూములో నాలుగేళ్లుగా చేస్తున్నాను. ఐదు వారాల కింద నైట్ డ్యూటీలో ఉండగా దేవరకొండ అవతలి తండా నుంచి ఒకామెను 108లో తీసుకొచ్చారు. రెండో కాన్పు, నెలలు నిండాయి, బీపీ బాగా ఎక్కువుంది. గర్భిణికి ఇచ్చే ఎంసీపీ (తల్లీబిడ్డల) కార్డులో చివరిసారి బీపీ రాసింది రెండు నెలల కింద. రాగానే కడుపులో బిడ్డ గుండెచప్పుడు వినే డాప్లర్ పెట్టాను, బిడ్డ గుండె మంచిగానే కొట్టుకుంటోంది. డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆమె చెప్పిన మందులు ఇచ్చాను. అప్పటికే ఇంకో ఇద్దరు నొప్పుల మీదున్నారు, ఒకామెకు తల కనబడుతోంది. ఆ కాన్పు చేసి, పాపను తుడిచి తల్లి పొట్ట మీద వేసి, మాయ పడ్డాక ఈమె దగ్గరికి వచ్చేసరికి నలభై నిమిషాలు దాటింది. పొట్ట మీద చెయ్యి వేస్తే రాయిలా ఉంది. డాప్లర్ ఎంత తిప్పినా చప్పుడు దొరకలేదు. డాక్టరమ్మ వచ్చి స్కాన్ చేసి మాయ విడిపోయిందన్నారు. తెల్లారేలోపు కాన్పయింది. బాబు.

తల్లి ఒక్కసారి చూపించమంది. అత్త వద్దంది. నేను బాబును తుడిచి గుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చాను. ఆమె వాడి చెవి దగ్గర లంబాడీలో ఏదో చెప్పింది, నాకు అర్థం కాలేదు. నాకూ ఏడుపు ఆగలేదు. బయట అత్త "మీరే సంపిన్రు మా పిలగాన్ని" అని అరిచింది. వాళ్లవాళ్లు పోలీస్ స్టేషన్‌కు పోతామన్నారు. కాన్పు ఎట్లా సాగుతోందో, బిడ్డ గుండెచప్పుడు ఎంతుందో రాసే పార్టోగ్రాఫ్ చార్టులో ఖాళీగా ఉన్న గడి నింపెయ్యమని ఒక సీనియర్ చెప్పింది, నేను నింపలేదు. డ్యూటీ దిగేలోపు ఇంకో కాన్పు చేశాను, వాళ్లు స్వీట్లు పంచారు.

అప్పటి నుంచి డాప్లర్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. నిద్ర లేదు. నాకు రెండేళ్ల బాబున్నాడు, వాడిని ఎత్తుకోవాలంటే మనసు రావడం లేదు. మా ఆయన "ఉద్యోగమన్నాక ఇవన్నీ ఉంటాయి" అంటాడు. సీనియర్లు "అలవాటైపోతది" అంటారు. తప్పు నాదేనా? లేబర్ రూము వదిలేయమంటారా? ఆ తండాకు పోయి ఆమెను కలిసి క్షమించమని అడగాలని ఉంది, అడగొచ్చా?

జవాబు:

చెల్లీ, నీ ఉత్తరంలో రెండు సంగతులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. ఆ రాత్రి నా వల్ల పొరపాటు జరిగిందా అన్నది ఒకటి. ఆ బాబు పోయినందుకు నీకున్న దుఃఖం ఇంకొకటి. మొదటిదానికి జవాబు కేస్ షీటులో వెతకాలి. రెండోదానికి జవాబంటూ ఉండదు, దానికి టైము కావాలి, పక్కన మనుషులు కావాలి. గుండె ఇంత దడదడలాడుతోందంటే తప్పు నాదే అయి ఉంటుందని నువ్వు లెక్క కట్టుకుంటున్నావు. ఆ లెక్క తప్పు. ఏ పొరపాటూ చేయనివాళ్లకూ ఇదే దడ వస్తుంది. చేయాల్సిన పని చేయకుండా ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయినవాళ్లను కూడా నేను నా సర్వీసులో చూశాను.

ముందు కేస్ షీటు సంగతి చూద్దాం. బీపీ ఎక్కువున్న గర్భిణికి మాయ ఉన్నట్టుండి గర్భసంచి గోడ నుంచి ఊడిపోవచ్చు. బిడ్డకు ఆక్సిజన్ అందే దారి అదొక్కటే. పెద్ద భాగం ఊడితే నిమిషాల్లోనే బిడ్డ పోతాడు. రక్తమంతా లోపలే నిలిచిపోయి బయటికి చుక్క కూడా కనబడని కేసులు ఉంటాయి. అలాంటప్పుడు చేతికి తగిలే గుర్తు నువ్వు చూసిందే: నొప్పికీ నొప్పికీ మధ్య కూడా మెత్తబడని పొట్ట. మొదటిసారి విన్నప్పుడు బాగున్న గుండె రెండోసారికి ఆగిపోవడం ఈ జబ్బులో వింత కాదు, పెద్ద పెద్ద ఆస్పత్రుల్లోనూ జరుగుతుంది.

అలాగని "నీ తప్పేం లేదు, పడుకో" అని రాసేస్తే నువ్వు నమ్మవు. నమ్మకూడదు కూడా, ఎందుకంటే ఆ నలభై నిమిషాలు నీకు తెలుసు. నొప్పులు ముదిరాక అరగంటకోసారి, బీపీలాంటి ప్రమాదం ఉంటే పావుగంటకోసారి, ముక్కే దశలో ఐదు నిమిషాలకోసారి గుండె వినాలని మనందరం చదువుకున్నదే. మధ్యలో ఒకసారి విని ఉంటే తేడా దొరికేదేమో. దొరికినా ఆ రాత్రివేళ మత్తు డాక్టరు వచ్చి, థియేటరు సిద్ధమై, కోత పెట్టేలోపు బాబు దక్కేవాడో కాదో చెప్పగలిగినవాళ్లు లేరు. ఖాయంగా చెప్పగలిగింది ఒకటుంది. ఆ నలభై నిమిషాలూ నీ రెండు చేతులూ ఇంకో తల్లి దగ్గర ఉన్నాయి. తల బయటికి వస్తుండగా ఆ బల్ల వదిలి నువ్వు కదిలి ఉంటే ఇప్పుడు నాకు వేరే ఉత్తరం రాసేదానివి. నొప్పుల్లో ఉన్న ఒక్కో తల్లి పక్కన ఒక్కో మనిషి ఉండాలన్నది మంచి ప్రసవ సేవకు కొలత. ముగ్గురికి ఒక్కరు ఉన్నచోట గడియారం ప్రకారం గుండె వినడం కుదరదు. దాన్ని నీ నిర్లక్ష్యం కింద రాసుకోకు.

ఆమె కథ ఆ రాత్రితో మొదలైందీ కాదు. రెండు నెలలుగా బీపీ ఎవరూ చూడని కార్డు నీ చేతికి వచ్చింది. పాలమూరు వైపు పనిచేసినప్పుడు ఇది నాకు బాగా తెలిసొచ్చింది. ముంబైకో పుణెకో కూలికి పోయిన ఆడవాళ్లు తొమ్మిదో నెలలో బస్సు దిగి నేరుగా కాన్పుల గదికి వచ్చేవాళ్లు. కార్డులో ఒక్క రీడింగు ఉండేది కాదు. చివర చెయ్యి వేసినవాళ్లకే మొత్తం చుట్టుకోవడం మన దగ్గర ఆనవాయితీ.

ఇక ఆ ఖాళీ గడి. నువ్వు దాన్ని నింపకపోవడం ఆ రాత్రి చేసిన పనుల్లో చాలా గట్టి పని. పక్కవాళ్లు చెప్పేది నీ మేలు కోరే కావచ్చు, కానీ వినని గుండెచప్పుడును విన్నట్టు రాస్తే అది దొంగ రికార్డు. రేపు విచారణ జరిగితే నిజంగా ముంచేది అదే. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. అంకె రాసేసిన చోట నిజంగా ఏం జరిగిందో ఇక నీకు కూడా తెలియకుండా పోతుంది, అనుమానం మాత్రం మిగులుతుంది. ఇప్పుడైనా రాయాల్సింది ఉంటే, ఈ రోజు తేదీ, టైము వేసి, ఆలస్యంగా రాస్తున్నానని చెప్పి, ఆ సమయంలో ఎక్కడ ఏ పనిలో ఉన్నావో రాసి సంతకం పెట్టు.

పసిపిల్లల మరణాలను సమీక్షించడానికి 2014లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. కడుపులోనే పోయిన పిల్లల లెక్క, కారణాలు నమోదు చేయడానికి 2016లో ఇంకొకటి వచ్చింది. ఒకరి మీద నింద మోపకుండా కారణం పట్టుకోవాలన్నది ఈ సమీక్షల మూలసూత్రం. కాగితం మీద అట్లుంది. చాలాచోట్ల మీటింగు మొదలయ్యేదే "ఆ రోజు డ్యూటీ ఎవరిది?" అన్న ప్రశ్నతో. అయినా నువ్వు తప్పించుకోకు. ఎదురెళ్లి అడుగు. ఆ రాత్రి ఎంతమంది నొప్పుల మీదున్నారు, ఎంతమంది నర్సులున్నారు, డాక్టరుకు ఫోన్ వెళ్లిన టైమెంత, ఆమె వచ్చిన టైమెంత, ఇవి ఒక కాగితం మీద రాసి ఇన్‌చార్జికి ఇవ్వు. ఏడుపు కలపకు, కోపం కలపకు, టైములు మాత్రమే రాయి. రాత్రి డ్యూటీకి ఇంకో మనిషిని అడగడానికి ఆస్పత్రికి ఆ కాగితం కావాలి. నీకూ కావాలి. తప్పు ఎంత, అందులో నీ పాలు ఎంత అన్నది పది మంది ముందు ఒకసారి తేలితే, రాత్రంతా నీ ఒక్క తలలో నడిచే కోర్టుకు పని తగ్గుతుంది.

పోలీసుల భయం గురించి ఎక్కువ రాయను. వైద్య వృత్తిలో ఉన్నవాళ్ల మీద క్రిమినల్ కేసు నడవాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందుగా వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి అని సుప్రీంకోర్టు 2005లోనే జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. ఆస్పత్రి మీద దాడికి వస్తే ఉమ్మడి రాష్ట్రంలో 2008లో తెచ్చిన చట్టం ఉంది. ఐదు వారాలైనా ఎవరూ రాలేదంటే ఆ అరుపు దుఃఖంలో వచ్చిందే. ఆ అత్త అరిచింది నీ మీద కాదు, అప్పుడు ఎదురుగా ఉన్నది నువ్వు.

ఇక దుఃఖం సంగతి. దీని గురించి మనవాళ్లు మాట్లాడేది చాలా తక్కువ కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. ఎంతోమంది తల్లులు, పిల్లలు దీనివల్ల బతుకుతున్నారు. కానీ దీనికి ఇంకో వైపు ఉంది. వెనకటి రోజుల్లో పుట్టి పోయిన బిడ్డ ఇంట్లో పోయేవాడు. మంత్రసాని ఆ ఇంటి గడపలోనే కూర్చుని వాళ్లతోపాటు ఏడ్చి, పొద్దెక్కాక తన ఇంటికి పోయేది. ఊరంతటికీ అది తెలిసిన దుఃఖమే. ఇప్పుడు జిల్లాలో పోయే పిల్లలందరూ దాదాపు కొద్దిమంది నర్సుల కళ్ల ముందే పోతున్నారు. ఆ నర్సుకు గడపలో కూర్చునే టైము లేదు. గ్లవ్స్ మార్చుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్లాలి, అక్కడ నవ్వాలి, స్వీటు తీసుకోవాలి. ప్రపంచం మొత్తం మీద 28 వారాలు దాటి చనిపోయి పుట్టే పిల్లలు ఏటా దాదాపు 20 లక్షలు. వాళ్లలో ఒక్కొక్కరినీ చివరగా చేతుల్లోకి తీసుకున్నది నీలాంటి మనిషే. ఆ చేతుల గురించి మనకు ట్రైనింగులో చెప్పిందేమిటి? బతికిన బిడ్డను ఎట్లా పట్టుకోవాలో చెప్పారు.

"అలవాటైపోతది" అన్న మాట నేనూ విన్నాను. అలవాటయ్యేది చేతులకు. కావాలంటే ఆ మాట అన్న సీనియర్‌ను ఒకరోజు తీరిగ్గా ఉన్నప్పుడు అడుగు, "అక్కా, నీ చేతిలో మొదటిసారి పోయిన బిడ్డ ఎవరు?" అని. ఏ ఊరి మనిషి, ఏ కాలం, ఆ తల్లి ఏ రంగు చీర కట్టుకుందో కూడా చెబుతుంది. ఆమెను ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, అందుకే నీకు ఆ మాట చెప్పింది. రాయిలా అయిపోవడం ధైర్యం కింద చలామణి అవుతోంది కానీ, ఆ రాయిలాంటి మనిషి తర్వాతి తల్లి మీద చిరాకు పడుతుంది, "ఎందుకట్ల మొత్తుకుంటవ్" అంటుంది. లేబర్ రూముల్లో మనం వినే కసురు మాటల్లో కొన్ని ఎప్పటివో మింగిన ఏడుపులే. అన్నీ కాదులే, కొందరికి అది స్వభావం.

అమెరికాలో మిస్సోరి విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో సుసాన్ స్కాట్ అనే నర్సు ఇట్లాంటి ఘటనలు ఎదుర్కొన్న 31 మంది వైద్య సిబ్బందితో మాట్లాడి 2009లో ఒక పరిశోధన రాసింది. మొదట గందరగోళం, తర్వాత అదే దృశ్యం పదే పదే కళ్ల ముందుకు రావడం, తోటివాళ్లు ఏమనుకుంటున్నారో అన్న భయం, విచారణ ఎట్లా ఉంటుందో అన్న టెన్షన్. నీ ఉత్తరంలో ఉన్నవన్నీ ఆమె జాబితాలో ఉన్నాయి. చివరికి మనుషులు మూడు దారుల్లో పోతారట. కొందరు ఆ చోటే వదిలేస్తారు. కొందరు ఉంటారు కానీ ఎప్పటికీ మానని పుండుతో ఉంటారు. కొందరు దాన్నుంచి ఏదో నేర్చుకుని ఇంకా మంచి పనిమంతులవుతారు. ఈ పరిశోధన తర్వాత అక్కడ తోటి ఉద్యోగులకే శిక్షణ ఇచ్చి, ఇట్లాంటి రాత్రి గడిచిన మనిషి దగ్గరికి వెంటనే వెళ్లి కూర్చునేలా ఏర్పాటు చేశారు. కౌన్సెలింగ్ డిగ్రీలు ఉన్నవాళ్లు కాదు, అదే పని చేసే మనుషులు.

మీ దగ్గర అట్లాంటి ఏర్పాటు ఉండదు, నువ్వే ఒకరిని చూసుకోవాలి. సలహాలు ఇచ్చే మనిషి వద్దు. డ్యూటీ దిగాక బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ మధ్యలో అడ్డుపడకుండా వినే మనిషి కావాలి. ఆ రాత్రి మొదటి నుంచి చివరిదాకా, టైముతో సహా, ఒకసారి చెప్పు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క రాయకు, పేరు లేకుండా కూడా. జిల్లా చిన్నది, తండా పేరు గంటలో తెలిసిపోతుంది. ఎవరైనా మీ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒక్కొక్కరితో బలవంతంగా మాట్లాడించాలని చూస్తే ఒప్పుకోనక్కర్లేదు. అట్లాంటి ఒక్కరోజు సెషన్లతో మేలు జరగదని పరిశోధనల్లో తేలింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వాటిని వద్దనే చెబుతోంది. మాట తనంతట తాను రావాలి.

ఇంకో చిన్న పద్ధతి చెబుతాను, పైసా ఖర్చు లేనిది. వర్జీనియాలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు మొదలుపెట్టాడు. ప్రాణం పోయిన తర్వాత, బల్ల తుడిచే ముందు, గదిలో ఉన్నవాళ్లందరూ ఉన్నచోటే ఒక నిమిషంలోపు మౌనంగా నిలబడతారు. మొదట ఒకరు రెండు మాటలు చెబుతారు. మన దగ్గర అయితే "ఈ బాబు మన చేతుల్లోకి వచ్చిండు, తల్లి చాలా కష్టపడ్డది, మనం చేయగలిగింది చేసినం" అంటే చాలు. పక్క బల్ల మీద తల కనబడుతుంటే కుదరదు, నాకు తెలుసు. కుదిరిన రోజు చేయండి. అందులో ఆయమ్మను కూడా నిలబెట్టండి. నెత్తురు కడిగేది ఆమె, బిడ్డను గుడ్డలో చుట్టి బయట మగవాళ్ల చేతికి ఇచ్చేది చాలాసార్లు ఆమే. డాక్టరు ఎలా ఉన్నారని నర్సు అడుగుతుంది, నర్సును ఒక్కోసారి డాక్టరు అడుగుతారు, ఆయమ్మను అడిగే మనిషి నాకు కనబడలేదు. తల్లిని బండి ఎక్కించి తెచ్చిన ఆశా కార్యకర్త కూడా అంతే. ఆమె మళ్లీ అదే ఊళ్లో, అదే గల్లీలో తిరగాలి, "నువ్వు తోలుకపోయినవ్ కదా" అన్న చూపుల మధ్య.

బాబును తల్లికి చూపించావు, చూడు, అది సరైన పని. మన పెద్దవాళ్లకు చూపిస్తే మరిచిపోదని భయం. చూపించకపోయినా మరిచిపోదు. పైగా ఎట్లుండెనో, అసలు మగపిల్లాడేనా, నిజంగానే పోయాడా అని ఏళ్లపాటు అడుగుతూ ఉంటుంది. మగవాళ్లు టవల్లో చుట్టుకుని పొద్దెక్కకముందే పూడ్చిపెట్టి వస్తారు, తల్లికి ఆ చోటు కూడా తెలియదు. బలవంతంగా చూపించకూడదు, అడిగితే కాదనకూడదు. ఈసారి ఇట్లాంటిది వస్తే (వస్తుంది చెల్లీ, ఈ పనిలో ఉంటే వస్తుంది) ముందుగా బిడ్డ ఎట్లుంటాడో రెండు మాటల్లో చెప్పు: పెదాలు నల్లబడ్డాయి, ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది అని. ముఖం తుడిచి, తలకు గుడ్డ కట్టి, బతికిన బిడ్డను ఇచ్చినట్టే మెడ కింద చెయ్యి పెట్టి ఇవ్వు. నువ్వు అలాగే ఇచ్చి ఉంటావు. ఆమె వాడి చెవిలో ఏం చెప్పిందో నీకు అర్థం కాకపోతే ఏమైంది, చెప్పుకునే రెండు నిమిషాలు నువ్వు ఇచ్చావు.

నీ ఏడుపు సంగతి. తల్లి నిన్ను ఓదార్చాల్సి వచ్చేంత ఏడుపైతే పక్కకు వెళ్లాలి. కళ్లు తడిస్తే తప్పేం లేదు. ఆ గదిలో తన బిడ్డ కోసం ఇంకొకరు కూడా ఏడ్చారని ఆమెకు గుర్తుంటుంది.

చూపించడంతో పని అయిపోదు. ఆ తల్లిని పిల్లల ఏడుపులున్న వార్డులో పడుకోబెట్టకుండా, కుదిరితే చివరి మంచమో వేరే గదో అడగాలి. కేస్ షీటు మీద అందరికీ తెలిసే గుర్తు ఒకటి పెట్టాలి. లేకపోతే తెల్లారి టీకాల సిస్టర్ వచ్చి "పాపను తీసుకురా, బీసీజీ వెయ్యాలె" అంటుంది. నేను విన్నాను ఆ మాట, ఆ తర్వాతి నిశ్శబ్దాన్నీ విన్నాను. రెండు మూడు రోజులకు పాలు పడతాయి. రొమ్ములు గట్టిపడి నొప్పి పెడతాయని, పిండకుండా బిగుతైన బాడీ వేసుకుని చల్లటి గుడ్డ వేసుకోవాలని ఎవరూ ముందు చెప్పరు. పాలు ఆపే మాత్ర ఉంది కానీ కాన్పు బీపీ ఉన్నవాళ్లకు పడదు, డాక్టరు చెప్పందే ఇవ్వొద్దు. బిడ్డ లేకపోయినా ఆమె బాలింతే. తిండి, విశ్రాంతి, రక్తస్రావం మీద కన్ను, అన్నీ కావాలి. అత్త ముందే, అందరికీ వినబడేట్టు, "ఆమె చేసిన తప్పు ఏం లేదు, బీపీ వల్ల మాయ విడిపోయింది" అని ఒక్క మాట నర్సు నోటి నుంచి రావాలి. గ్రహణంలో కూరగాయలు కోసిందనో, బరువు ఎత్తిందనో రేపు ఇంట్లో మొదలవుతుంది. తెల్ల కోటు వేసుకున్న మనిషి చెప్పిన మాటకు ఆ ఇంట్లో కొంత విలువ ఉంటుంది.

అందుకే తండాకు వెళ్లే విషయంలో నా మాట విను. ఇప్పుడు వెళ్లకు. నువ్వు క్షమించమని అడిగితే క్షమించే భారం ఆమె మీద పడుతుంది, ఆమెకు ఇప్పుడున్న భారం చాలు. విచారణ తేలకముందు "నా వల్లే" అని నువ్వు అనడం నిజమూ కాదు. దానికి బదులు ఇంకో పని ఉంది. ఆశా కార్యకర్తలు కాన్పు తర్వాత ఇంటికి వచ్చే మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు లెక్క అంతా పసిబిడ్డ కోసం పెట్టింది. బిడ్డ లేని ఇంట్లో ఆ లెక్క ఆగిపోతుంది, తల్లి ఎవరి జాబితాలోనూ ఉండదు. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా కూడా బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చని నీకు తెలుసు. ఆ సబ్‌సెంటర్ ఏఎన్‌ఎంకు ఈ వారంలోనే ఫోన్ చెయ్యి. బీపీ చూడమను, నిద్ర, తిండి ఎట్లున్నాయో అడగమను, ఎవరితోనూ మాట్లాడకుండా మూలకు కూర్చుంటోందేమో కనుక్కోమను. మళ్లీ నెల తప్పితే మొదటి నెలల్లోనే పెద్దాస్పత్రిలో చూపించుకోవాలని, ఒకసారి మాయ విడిపోయినవాళ్లకు మళ్లీ జరిగే అవకాశం ఎక్కువని చెప్పించు. ఆమె ఎప్పుడైనా చెకప్‌కు మీ ఆస్పత్రికే వచ్చి, నిన్ను చూసి ఆగితే, "బాబు నాకు యాదున్నడు" అని చెప్పు. ఆ మాటకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంట్లో సంగతి. మీ ఆయన మీద కోపం తెచ్చుకోకు. నీ బాధకు ఏదో ఒక పరిష్కారం చెప్పాలనుకుని చేతికందిన మాట అన్నాడు. "నువ్వేం చెప్పనవసరం లేదు, పది నిమిషాలు పక్కన కూర్చో" అని నోరు తెరిచి అడుగు, ఊహించుకోమంటే మగవాళ్లకు రాదు. మీ బాబును ఎత్తుకోలేకపోవడం తల్లిప్రేమ తగ్గి కాదు. బిడ్డ బరువు చేతికి తగిలితే ఆ రాత్రి గుర్తొస్తోంది, అంతే. బలవంతంగా ఎత్తుకోకు. వాడి పక్కన పడుకో, స్నానం చేయించు, అన్నం తినిపించు. చేతులు మెల్లగా దారిలోకి వస్తాయి.

అయితే ఐదు వారాలు దాటింది. నెల దాటినా నిద్ర పట్టక, అదే దృశ్యం వస్తూ, పని ముట్టుకుంటే చేతులు వణుకుతున్నాయంటే ఇక దాన్ని నెట్టుకురావద్దు. అది చికిత్సతో తగ్గేది. జిల్లా మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అక్కడ తెలిసినవాళ్లు చూస్తారని సిగ్గుగా ఉంటే ముందు మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైనుకు ఫోన్ చెయ్యి, నంబరు 14416. 2022 నుంచి నడుస్తోంది, పైసలు పడవు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి కూడా ఎత్తుతారు. పోయినవాళ్లే నయం అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ పూటే చెయ్యి.

లేబర్ రూము వదలడం గురించి ఈ నెలలో నిర్ణయం తీసుకోకు. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు కూడా రాయకు. కొన్నాళ్లు పక్కకు జరగడం వేరు, భయంతో శాశ్వతంగా పోవడం వేరు. రెండోది చేస్తే ఆ గది తలుపు నీకు జీవితాంతం మూసుకుపోతుంది, మీ ఆస్పత్రికి నాలుగేళ్ల అనుభవమున్న చేతులు పోతాయి. ఇన్‌చార్జిని అడిగి మూడు నాలుగు వారాలు గర్భిణుల ఓపీకో బాలింతల వార్డుకో వేయించుకో, తిరిగి వచ్చే తేదీ ముందే రాసుకుని. ఓపీలో రోజూ డాప్లర్ పట్టాల్సి వస్తుంది, అక్కడ తొంభై పాళ్లు గుండె వెంటనే దొరుకుతుంది, చెవికి ఆ చప్పుడు మళ్లీ మామూలవుతుంది. చెయ్యి వణికిన రోజు పక్కనున్న సిస్టర్‌కు ఇచ్చెయ్, సిగ్గుపడకు. లేబర్ రూముకు తిరిగి వచ్చేటప్పుడు మొదటి వారం పగటి డ్యూటీ, పక్కన ఒక సీనియర్ ఉండేలా అడుగు. వచ్చే నెల డ్యూటీ చార్టు రాసేలోపే మాట్లాడు, రాశాక మార్చమంటే ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ టైముల కాగితం కూడా అప్పుడే చేతికివ్వు.